డాక్టరుగారి బండి: పాత కారు కొనేవారికి చిట్కాలు

పాత కారు కొనదలచినవాళ్ళు చాలామంది ముందుగా కారు చూడటానికి బయల్దేరతారు. అక్కడే పప్పులో కాలేస్తారు. ముందు చూడాల్సింది ముహూర్తం. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి పూజ అని పంతులుగారితో ఖాయం చేసుకోండి. అత్తవారింటికి ఫోన్ చేసి చెప్పండి. ఆఫీసులో ఏ స్వీట్లు పంచాలో తేల్చుకోండి. గురువారం సాయంత్రం తీరిగ్గా వెళ్ళి బండి చూడండి. ఊరంతా చాటింపు వేశాక కనబడిన లోపం లోపంలా ఉండదు. "పాత బండన్నాక ఆ మాత్రం ఉండదా" అని మీ నోటితో మీరే అంటారు. అమ్మేవాడికి ఆ శ్రమ తప్పుతుంది.

మన తాతలకు ఈ నాగరికత తెలియదు. సంతలో ఎద్దును కొనాలంటే నోరు తెరిపించి పళ్ళు చూసేవారు, సుడులు వెతికేవారు, కుంటుతుందేమోనని నాలుగడుగులు నడిపించేవారు, అప్పటికీ నమ్మకం కుదరకపోతే కాడికి కట్టి ఒక చాలు దున్నించమనేవారు. అనుమానం మనుషులు. ఐదారు లక్షల వస్తువును మనం రెండు టీలు తాగేలోపు కొనేస్తున్నామంటే లోకం ఎంత ముందుకు పోయిందో ఆలోచించండి. సుడుల సంప్రదాయాన్ని మాత్రం వదలకండి. నంబరు ప్లేటు మీది అంకెలన్నీ కూడండి. తొమ్మిది వచ్చిందా, ఇక ఆ బండిలో చూడాల్సింది ఏమీ లేదు. రంగు మీ రాశికి నప్పుతుందో లేదో ఒకసారి అడిగి తెలుసుకోండి. ఛాసిస్ నంబరులో కూడా అంకెలున్నాయి కదా, దాన్ని ఆర్‌సీతో పోల్చి చూద్దామనిపిస్తే ఆ కోరికను అణచుకోండి. వంగి, టార్చి వేసి, మురికి తుడిచి పదిహేడు అక్షరాలు చదవాలి. అన్నీ కూడినా అది ఏ గ్రహానికీ చెందదు.

ఇక ఎంపిక. "డాక్టరుగారు వాడిన బండి, సింగిల్ ఓనర్, నాన్ యాక్సిడెంటల్, షోరూం కండిషన్" అని ఉన్న ప్రకటనకు ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమ్మకానికున్న డాక్టర్ల బండ్లన్నీ నిజంగా డాక్టర్లవే అయితే వీధికో ఆసుపత్రి ఉండాలి. ఉంది కదా అంటారా, ఇంకేం, మీ నమ్మకానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆ డాక్టరుగారి పేరు అడగకండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పుడయిందో, బండి ఎన్నో ఓనరు దగ్గరుందో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో తెలిసిపోతుంది. సింగిల్ ఓనర్ అన్న పెద్దమనిషి బండికి అక్కడ మూడు అని కనబడితే ఆయనకూ మొహమాటం, మీకూ మొహమాటం. ఫోన్‌లో చోటు లేదనుకుని వదిలేయండి.

మీటరు మీద నలభై ఐదు వేల కిలోమీటర్లు ఉంటుంది. అలాగే ఉండాలి. డాక్టరుగారు ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ వెళ్ళరు. డిజిటల్ మీటరును ల్యాప్‌టాప్ తగిలించి కాసేపట్లో వెనక్కి తిప్పేవాళ్ళున్నారన్న మాట నిజమే కానీ, వాళ్ళు ఈ బండి జోలికి రాలేదనుకోండి. బ్రేకు పెడల్ మీది రబ్బరు గీతలన్నీ అరిగి నున్నగా అయిందా? డాక్టరుగారి కాలు బరువు. స్టీరింగు తోలు నిగనిగలాడుతోందా? చెయ్యి మెత్తన. డ్రైవరు సీటు అంచు కూలిపోయి, పక్క సీటు కొత్తగా ఉందా? డాక్టరమ్మగారు వెనకే కూర్చుంటారు. ప్రతి దానికీ ఒక వివరణ ఉంటుంది, మీరు అడగకముందే వస్తుంది. కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళి సర్వీసు హిస్టరీ అడిగే పని మాత్రం పెట్టుకోకండి. వాళ్ళకు సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసుకునే పాడు అలవాటుంది. మూడేళ్ళ కిందటే తొంభై రెండు వేలు అని ఉంటే అనవసరంగా మనసు చివుక్కుమంటుంది.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని. చదవకండి.

వెంట ఎవరిని తీసుకెళ్ళాలన్నది ముఖ్యం. మెకానిక్‌ను వద్దు. అతను పలకరింపులు కూడా కానివ్వకుండా నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరతాడు. నలుగురిలో పరువు పోతుంది. పైగా ఐదొందలో వెయ్యో తీసుకుని ఆరు లక్షల బేరం చెడగొట్టి వస్తాడు, ఇది ఏ లెక్కన లాభమో చెప్పండి. బావమరిదిని తీసుకెళ్ళండి. బావమరిది యూట్యూబులో కార్ల వీడియోలు చూస్తాడు, సొంత కారు ఉండదు. అతను బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంజను వైపు కాసేపు చూసి, "బావా, పికప్ బాగుంటుంది ఈ మోడల్‌ది" అంటాడు. బండి ఇంకా స్టార్ట్ చేయలేదని మీరు గుర్తు చేయకండి.

చూడటానికి వేళ అంటే చీకటి పడ్డాకే. వాన పడుతుంటే మరీ శ్రేష్ఠం. లేదా, "సార్ వస్తున్నారని ఇప్పుడే కడిగించాం" అనే చోటికి వెళ్ళండి. తడిసిన రంగు అందంగా ఉంటుంది. పొద్దున్న ఎండలో, పొడి బండిని, కొంచెం ఏటవాలుగా వంగి పక్క నుంచి చూస్తే ఒక డోరు రంగు ఇంకో డోరు రంగు కన్నా రవ్వంత తేడాగా కనబడొచ్చు. బానెట్‌కూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా తోచవచ్చు. డోరు రబ్బరు మీద స్ప్రే తుంపరలు కనబడవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు మందం నూరు మైక్రాన్లు, లేదా అంతకు కాస్త ఎక్కువ. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టి మళ్ళీ రంగు కొడితే అది ఎన్నో రెట్లవుతుంది. దాన్ని కొలిచే చిన్న పరికరం ఉంది. అది లేనివాళ్ళు ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి రేకు మీద ఆనించి చూస్తారు, పుట్టీ దట్టంగా ఉన్న చోట అది అంటుకోదు. మీరు ఇలాంటి గారడీలు చేయకండి. ఫ్రిజ్ మీద అది కరెంటు బిల్లును పట్టుకుని ఉంది, ఉండనివ్వండి.

"ముందు బంపరు చిన్న టచప్ అండీ, గీత పడితే" అంటాడు. సరేననండి. మడ్‌గార్డు బోల్టుల తలల మీద రంగు లేచిపోయి పానా పట్టిన గుర్తులుంటే, అవి కూడా గీతలే. అద్దాల మూలల్లో తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది, అన్నీ 2018వి అయి ముందు అద్దం ఒక్కటే 2022ది అయితే, ముందు అద్దం కాస్త ఆలస్యంగా పుట్టిందనుకోండి. డోరు తెరిచి పిల్లరు మీది రబ్బరు బీడింగ్ లాగితే, లోపల ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు వరసగా, సమానంగా ఉంటాయట. గ్యారేజీలో కోసి అతికించిన చోట ఆ వరస తప్పుతుందట. అది చూడటం మర్యాద కాదు. ఇంకొకరి బండి రబ్బరు పీకుతామా? మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్సువాళ్ళు దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆ శిథిలం వేలానికి పోతుంది. కొన్నవాళ్ళు దాన్ని ఏం చేస్తారు? నా ఊహ, జ్ఞాపకంగా దాచుకుంటారు.

వరదల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులోనే అజ్ఞానం వల్ల కలిగే సుఖం ఎక్కువ. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ప్రతిసారీ పేపర్లలో కార్లు తేలుతున్న ఫొటోలు వచ్చాయి. నెల తిరిగేసరికి ఆ కార్లు ఫొటోల్లో లేవు, రోడ్ల మీదా లేవు. నీళ్ళతో పాటే సముద్రంలో కలిసిపోయాయని మీరు దృఢంగా నమ్మాలి. శుభ్రం చేసుకుని, సీటు కవర్లు మార్చుకుని, వరద రాని ఊరికి వెళ్ళాయని అనేవాళ్ళు గిట్టనివాళ్ళు.

ఈ నమ్మకం నిలబడాలంటే కొన్ని జాగ్రత్తలు. సీటుబెల్టును చివరిదాకా లాగకండి. మామూలుగా ఎవరూ లాగరు కాబట్టి కడిగేవాడు కూడా అక్కడిదాకా రాడు, లోపలి మూరెడు మీద ఒండ్రు గీత అలాగే ఉండిపోతుంది. డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింద గుంతలో వేలు పెట్టి చూడకండి, ఇసుక తగిలితే గోరు పాడవుతుంది. సీటు కిందకు వంగి పట్టాల మీద, బోల్టుల మీద తుప్పు వెతకకండి. హెడ్‌లైటు లోపల నీటి చారలు ఉంటే అది డిజైను. తలుపు తెరవగానే మల్లెపూల సెంటు గుప్పున కొడుతుంది, నాలుగు సీసాలు దిమ్మరించినట్టు. ఆహా అనండి. అద్దాలు ఎత్తేసి, ఏసీ ఆపి పావుగంట కూర్చుంటే సెంటు అడుగున ఇంకో వాసన తేలుతుంది. తడిసి ఆరని కార్పెట్ వాసన. కాబట్టి పావుగంట కూర్చోకండి. ఇంటికి తెచ్చుకున్నాక ఆరు నెలలకో ఏడాదికో వైర్ల కీళ్ళలో పచ్చటి చిలుము పట్టి, అర్ధరాత్రి హారన్ దానంతటదే మోగుతుంది. అప్పుడు దిష్టి తీయించండి. ఒక్కోసారి పనిచేస్తుంది, బ్యాటరీ వైరు పీకేస్తే తప్పకుండా పనిచేస్తుంది.

మీరు వెళ్ళేసరికి ఇంజను వేడిగా ఉంటుంది. "సార్ కోసం ఏసీ వేసి చల్లగా ఉంచాం" అంటారు. ఎంత మర్యాద! చల్లారిన ఇంజనే తన రోగం చెప్పుకుంటుంది, వేడెక్కినది సర్దుకుంటుంది. అందుకే తెలివిమాలినవాళ్ళు తెల్లవారుజామున చెప్పకుండా వెళ్ళి, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసి, అప్పుడు స్టార్ట్ చేయమంటారు. ఒకడు లోపల తాళం తిప్పుతుంటే ఇంకొకడు వెనక పొగ గొట్టం దగ్గర నిలబడతాడు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని, తెల్లటి పొగ ఎంతకీ ఆగకపోతే కూలెంటు లోపలికి దిగుతోందని, నల్లటిదైతే ఇంధనం సరిగ్గా కాలడం లేదని లెక్కలు కడతారు. మూడు రంగులుంటే పండగలా ఉంటుంది తప్ప ఇందులో దిగులు పడాల్సిందేముంది? ఆయిలు మూత విప్పి చూసినప్పుడు అడుగున మీగడలాంటిది పేరుకుని ఉంటే, ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయని మెకానిక్ అంటాడు. మీ వెంట మెకానిక్ లేడు కాబట్టి అది మీగడే.

తాళం ఒక మెట్టు తిప్పగానే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగి, కాసేపటికి ఒక్కొక్కటే ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం అసలు వెలగనే లేదనుకోండి, బ్యాగులు ఎప్పుడో విచ్చుకుపోయి, కొత్తవి పెట్టించడం ఖర్చని దీపం వైరు కత్తిరించి ఉండవచ్చు. దీన్ని మీరు ప్రశాంతతగా స్వీకరించండి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో తగిలిస్తే బండి దాచుకున్న లోపాల కోడ్లన్నీ ఫోన్‌లో చూపించే స్కానరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఆ డబ్బుతో మంచి డాష్‌బోర్డు వినాయకుడు వస్తాడు.

నడిపి చూడటం తప్పదంటే కాలనీలో ఒక చుట్టు, రెండో గేరు దాటకుండా, పాటలు పెట్టుకుని. పాటల శబ్దం తగ్గించమని అడగకండి, సస్పెన్షన్ టకటకలు తాళంలో కలిసిపోతాయి. స్టీరింగును చివరిదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పితే ఇరుసు జాయింట్లు మాట్లాడతాయి. ఫ్లైఓవర్ ఎక్కిస్తే అరిగిన క్లచ్ బయటపడుతుంది, ఇంజను అరుస్తుంది కానీ బండి కదలదు. ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఏ పక్కకు లాగుతుందో తెలుస్తుంది. ఇవన్నీ పెట్రోలు దండగ. పెట్రోలు ఆయనదే అయినా దండగ దండగే.

ఇదంతా మాకొద్దు, రెండొందల అంశాలు తనిఖీ చేసిన సర్టిఫైడ్ బండి కొంటాం అంటారు కొందరు. బ్రహ్మాండం. రిపోర్టు తెరవకుండా "సర్టిఫైడ్" అన్న ముద్ర మాత్రం చూడండి. వారంటీ కాగితంలో ఏవేవి వర్తించవో రాసిన పేజీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్ళకు మంచిది కాదు.

బేరం దగ్గర కాస్త చదువు పనికొస్తుంది. జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంత మీద ఒక వ్యాసం రాశాడు. సరుకు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు మంచిదానికీ చెడ్డదానికీ మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండ్లవాళ్ళు ఇవ్వలేక వెనక్కి పోతారు. సంతలో మిగిలేవి చెడ్డవి. స్థూలంగా ఇదీ వాదన. ఈ తరహా పరిశోధనకే 2001లో ఆయనకు, మరో ఇద్దరితో కలిపి, నోబెల్ ఇచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఇదే సిద్ధాంతం టీ ఖర్చుకు వినిపిస్తారు, వాళ్ళకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మీరు మాత్రం మార్కెట్ కన్నా లక్ష తక్కువకు బండి వస్తోందంటే కారణం వెతకకండి. అమ్మేవాడు అమెరికా వెళ్ళిపోతున్నాడు. ఆ డాక్టరే.

ఇంకా చవగ్గా కావాలంటే ఢిల్లీ బండి. పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రైబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. ఆ గడువు దగ్గరపడ్డ బండ్లు చవగ్గా వస్తాయి. అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు కట్టాలి అన్న సంగతి బండి ఇంటి ముందుకొచ్చాక తెలుసుకోండి, అప్పటికి ఎలాగూ పూజ అయిపోతుంది. ఆదాయం తగ్గినందుకు ఆర్టీఏవాళ్ళను బాధపెట్టిన పాపం మీకు అంటదు.

కాగితాల విషయంలో ఒకటే సూత్రం: నమ్మకం. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటుంది. "లోన్ ఎప్పుడో తీర్చేశాడండీ, పేరు తీయించలేదంతే" అంటాడు మధ్యవర్తి. తీర్చినవాడికి బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇస్తుంది, ఆ రెండు కాగితాలూ చూపించమనడం మనిషిని అవమానించడమే. వాయిదాలు ఆగిపోయాక బ్యాంకు మనుషులు వచ్చి బండి తీసుకెళితే అప్పుడు అవమానం మీది, కానీ అది వేరే అధ్యాయం. ఇన్సూరెన్సు ఆయన పేరున ఉంది కదా అని నిశ్చింతగా తిరగండి. కొన్నవాడు 14 రోజుల్లో పాలసీని తన పేరుకు మార్పించుకోవాలంటారు, "నో క్లెయిమ్ బోనస్" మనిషిదే తప్ప బండిది కాదంటారు. మీరు గుద్దుకునేదాకా ఇవేవీ మీకు అక్కర్లేదు. పాత చలాన్లు బండితో పాటు కట్నంగా వస్తాయి. కట్టకండి. 2022లోనూ 2023 చివరలోనూ తెలంగాణ పోలీసులు పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు, ఇంకోసారి ఇవ్వకపోతారా.

పేరు మార్పిడి గురించి తొందరపెట్టేవాళ్ళ మాట వినకండి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అది రాసినవాళ్ళు ఖైరతాబాద్‌లో పార్కింగ్ వెతుక్కుని ఉండరు. ఫారం 29, ఫారం 30ల మీద తేదీ లేకుండా సంతకాలు పెట్టించుకుని గ్లవ్ బాక్సులో పడేయండి. రేపు మీరు అమ్మేటప్పుడు అవే పనికొస్తాయి, మీ పేరు ఎక్కడా ఉండదు, సింగిల్ ఓనర్ సింగిల్ ఓనర్‌గానే ఉంటాడు. ఈ ఏర్పాటులో నష్టం ఆయనకే. బండి ఎప్పుడో అమ్మేసినా, అది చేతులు మారుతూ ఎక్కడికో పోయినా, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతి తెలిశాక ఆయనకు నిద్ర పట్టదు. అర్ధరాత్రి మీకు ఫోన్ చేసి, "బాబూ, నిన్న మియాపూర్‌లో సిగ్నల్ జంప్ చేశారట, నా ఫోన్‌కి చలాన్ వచ్చింది, ఆ ట్రాన్స్‌ఫర్ ఎప్పుడు చేయించుకుంటారు?" అంటాడు. "వచ్చే వారం తప్పకుండా సార్" అనండి. తర్వాత ఆయన నంబరు బ్లాక్ చేయండి. ఎందుకైనా మంచిది, పేరు మాత్రం "డాక్టరుగారు" అని సేవ్ చేసుకుని ఉంచండి, బండి అమ్మే రోజున కొనడానికొచ్చినవాళ్ళకు చూపించొచ్చు.